మూడో ఎరుపు

ఉపాధ్యాయుల పనితీరుపై పరిశోధన కోసం రాష్ట్రంలోని ప్రతి టీచరు చేతికీ ఒక పట్టీ కట్టారు. పాఠం చెప్పకుండా గడిపితే అది ఎర్రగా వెలుగుతుంది. మూడోసారి వెలిగితే ఉద్యోగం పోయి, తరగతి, గోడమీదుండి పాఠాలు చెప్పే యంత్రం పాలవుతుంది. సర్వమంగళ పట్టీ అప్పటికే రెండుసార్లు వెలిగింది. మంచంలో ఉన్న భర్త మందులన్నీ ఆమె జీతం మీదే.

ఆ రోజు లెక్కలు చెబుతుంటే, ఏడాదిగా తరగతిలో నోరు విప్పని పిల్ల పైడితల్లి వచ్చి ఆమె కొంగు పట్టుకుంది.

"టీచరమ్మా, నాను ఇంటికెల్లను. మా అయ్య సంపేత్తాడు."

పట్టీ హెచ్చరికగా వణికింది. ఇప్పుడు ఈ పిల్లను ఆపితే మళ్ళీ మాట్లాడదని సర్వమంగళకు తెలుసు. పుస్తకం మూసి నేలమీద కూర్చుంది.

"చెప్పమ్మా, ఏమైంది?"

పట్టీ ఎర్రబడింది. గోడమీది యంత్రం గట్టిగా పాఠం అందుకుంది. ఆ హోరులో పిల్ల గొంతు వినపడక, సర్వమంగళ తన చెవిని ఆమె పెదవులకు ఆనించింది.