ఇరవై ఆరో ముద్ర

"ముద్ర వెయ్యను. కదలకండి, గొంతు తెగుద్ది" అన్నాడు మంగలి ఇసోకిచి, కత్తిని కురోసె గడ్డం కింద ఆనించి.

మునిసిపాలిటీ కురోసె కదల్లేదు. అతని ఒళ్లో స్టేషన్ వీధి కొత్త ప్లాను, కాళ్ల దగ్గర ఎర్రచిక్కుళ్ల హల్వా పెట్టె. ముద్ర అడగడానికి వచ్చేవాడు ఒట్టి చేతులతో రాకూడదు మరి. ఇరవై ఆరు పాత కొట్లనూ కూల్చి పన్నెండంతస్తులు లేపాలంటే వాళ్లంతా సంతకానికి బదులు వేసే ఇరవై ఆరు ముద్రలూ పడాలి. ఇరవై అయిదు పడ్డాయి. సాయంత్రం అయిదులోగా ఆఖరిది పడకపోతే ప్లాను చెత్తబుట్టలోకి, కురోసె శ్మశానాల శాఖలోకి.

"తాతగారూ, మీ కొట్టుకి రోజుకి ముగ్గురొస్తారు. అందులో ఇద్దరికి జుట్టే లేదు."

"వాళ్లే నయం. కబుర్లకొస్తారు, తల కదపరు. ప్లానులో నా కొట్టెక్కడ?"

"కింది అంతస్తులోనే. రైలు తప్పినవాడల్లా వచ్చి మీ కుర్చీలో పడతాడు."

"కప్పు కారదా?"

"చస్తే కారదు."

ఇసోకిచి గోడ మీది క్యాలెండరు వంక చూశాడు. కత్తి తుడిచి పక్కన పెట్టాడు. సొరుగులోంచి ముద్ర తీసి, "హా" అని దానికి ఊపిరి పట్టించి, కాగితం మీద ఠక్కున కొట్టాడు.

కురోసెకి ఏడుపొచ్చింది. సగం గీసిన గడ్డంతోనే లేచి, నడుం పట్టేసేంతగా వంగి దణ్ణం పెట్టాడు. తలెత్తేసరికి గుమ్మంలో గొడుగుల కొట్టు తత్సుయో అవ్వ.

"బాబూ, నేనేసిన ముద్ర తీసెయ్యి. నాకు మనసొప్పట్లేదు."

కురోసె కుర్చీలో కూలబడ్డాడు. "అవ్వా! మూడేళ్లుగా ఇదే వరస. ఒకరు ఒప్పుకోగానే ఇంకొకరు అడ్డం తిరుగుతారు. మొన్నామధ్య చేపలావిడ, ఆ తర్వాత టోఫూ ఆయన, ఇందాకటిదాకా ఈ తాతగారు, ఇప్పుడు మీరు! నేనేం తప్పు చేశానమ్మా?"

"నువ్వేం చేస్తావు నాయనా, బంగారం లాంటివాడివి" అంది అవ్వ, అతని చెంపకంటిన సబ్బునురగ చేతిగుడ్డతో తుడుస్తూ. "మా వీధిలో అన్నీ వంతులే. ఊడ్చే వంతు వారానికోసారి మారుద్ది, చెత్త వంతు రెండు వారాలకి. మొండికేసే వంతు మాత్రం ఒకటో తారీఖున మారుద్ది. ఇవాళ్టి నుంచి నాది."