గోరింటాకు పిల్ల

అనకాపల్లి హేచరీలో గుడ్లు పగిలేటప్పుడు పక్కనే ఉండి పిల్లల్ని అందుకోవడం నూకరత్నం పని. ఒకప్పుడు జనం ఫోన్లలో ఆడుకున్న వింత జంతువులు ఇప్పుడు ఆ గుడ్లలోంచి ప్రాణాలతో వస్తున్నాయి. నాలుగువేలలో ఒకటి ఎర్రగా పుడుతుంది, దానికోసం అందరూ ఎగబడతారు. మిగతా తెల్లవన్నీ సాయంత్రానికి చలిగదిలోకి పోతాయి. అక్కణ్ణుంచి ఏదీ ప్రాణంతో తిరిగి రాదు.

"రంగు తప్ప ఇంకేం తేడా ఉందయ్యా?" అని సూపర్‌వైజర్ సింహాద్రిని అడిగిందామె.

"ఏమీ లేదమ్మా. అదే తిండి, అదే అరుపు."

ఆషాఢం కదా, ఆ రోజు డబ్బాలో గోరింటాకు ముద్ద తెచ్చుకుంది. తన వేలు పట్టుకుని వదలని ఒక తెల్లపిల్లకు అది ఒళ్ళంతా పట్టించి, బుట్టలో దాచింది. సాయంత్రం కడిగి సింహాద్రికి చూపించింది.

అతను పిల్లను చూశాడు. ఎర్రగా పండిన ఆమె చేతులూ చూశాడు.

"ఎన్నాళ్ళుంటుందమ్మా ఈ రంగు?" అన్నాడు మెల్లగా.

"నెల్లాళ్ళు."

దాన్ని ఎర్రపిల్లలుండే అద్దాల గదిలో పెట్టి, అమ్మకానికి కాదని చీటీ అంటించి, తాళంచెవి ఆమెకే ఇచ్చాడు.

ఆషాఢం పోయింది, దీపావళీ వెళ్ళిపోయింది. నూకరత్నం చేతులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.