మూడోనాటి ఒప్పుకోలు

చావింటి ఆదరణ కూడికకు ఎవరూ పిలవకుండానే వచ్చాడు ఆ ముసలాయన.

యర్రగొండపాలెంలో బస్సు దిగి, ఎండలో ఊరిదాకా నడిచొచ్చి, షామియానా కింద చివరన పరిచిన పట్ట మీద కూలబడ్డాడు.

"ఎవరాయన?" అన్నారెవరో.

"ఏమో. భోజనాలున్నాయని తెలిసి వచ్చుంటాడు" అంది పొరుగింటి రమణమ్మ.

అంతేలెండి. కొత్త మనిషి కనబడితే ముందు తిండి కోసమే వచ్చాడనుకుంటాం.

ఏసురత్నం, స్టెల్లాల ఎనిమిది నెలల కొడుకు జ్వరంతో పోయి అది మూడో రోజు.

ఆ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. బిడ్డ పోతే మూడో నాడు తల్లి అందరి ముందూ లేచి తన తప్పు ఒప్పుకోవాలి. ఆ తర్వాతే ముగింపు ప్రార్థన, భోజనాలు.

వెతికితే ఏ తల్లిలో తప్పు దొరకదు? స్టెల్లాలో తొందరగానే దొరికింది. జ్వరం తగ్గక, భయపడి, బిడ్డ మెడలో దర్గా తాయెత్తు కట్టింది పాపం.

సంఘ పెద్ద కరుణాకరం బైబిలు తెరిచి, దావీదు చేసిన పాపానికి దేవుడు అతని పసిబిడ్డను మొత్తిన భాగం చదివాడు.

"దేవుడు రోషం గలవాడు. బిడ్డ ఎందుకు పోయినాడో తల్లికి తెలుసు. లెయ్యమ్మా, ఒప్పుకో."

స్టెల్లా గుంజ పట్టుకొని లేవబోయింది.

"అయ్యా, ఒక్క మాట" అన్నాడు ముసలాయన వెనక నుంచి.

అందరూ తిరిగి చూశారు.

"తప్పు చేసింది దావీదు గదా. బిడ్డ ఎందుకు చావాల?"

"ఏందయ్యా, దేవుణ్ణే నిలదీస్తావా?"

"నలభై ఏళ్ళుగా అడుగుతానే ఉండా. ఆయన ఇంతవరకు జవాబు చెప్పలా. ఆయనే చెప్పని జవాబు, ఈ పిల్లకు నువ్వెట్ల చెప్తావు నాయనా?"

కరుణాకరం ముఖం ఎర్రబడింది.

"సైతాను మాటలు! లాగండి బయటికి!"

ఇద్దరు రెక్క పట్టుకొని లేపారు. ముసలాయన ఎదురు తిరగలేదు. ఇది ఆయనకు కొత్త కానట్టే ఉంది. స్టెల్లా దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాడు.

"నువ్వు చంపలా తల్లీ. అంతవరకు నాకు తెలుసు."

స్టెల్లా తలెత్తి ఆయన్నే చూసింది.

వీధిలోకి వచ్చాక, వెంట వచ్చిన ఏసురత్నం చెయ్యి పట్టుకున్నాడు ముసలాయన.

"దొనకొండ స్టేషను వెనకాల ఉంటా. రాజరత్నం అంటే చెప్తారు. పిల్ల అన్నం మానేస్తే నాకు కబురు చెయ్యి, నాయనా."

"పో పెద్దాయనా! పోయిన పరువు చాల్లే" అని ఏసురత్నం చెయ్యి విదిలించుకున్నాడు. గుక్కెడు మంచినీళ్ళయినా ఇవ్వలేదు.

లోపల స్టెల్లా లేచి నిలబడింది.

"నా బిడ్డను నేనే చంపుకున్నా" అంది.

అందరూ ఆమేన్ అన్నారు. తర్వాత విస్తళ్ళు వేశారు.

స్టెల్లా ఆ పూట తినలేదు. మరుసటి రోజూ తినలేదు. ఎవరు బతిమాలినా ఒకటే మాట.

"నేనే చంపుకున్నా గదా, నాకెందుకు కూడు?"

కరుణాకరం నూనె రాసి ప్రార్థన చేశాడు. మార్కాపురం డాక్టరు సెలైను ఎక్కించాడు. నెల తిరిగేసరికి మనిషి చిక్కి సగమైంది.

ఒకరోజు తనంతట తానే అడిగింది.

"నేను చంపలా అన్నాడే ఆ తాత, మళ్ళా రాడా?"

ఏసురత్నం ఆ పొద్దే దొనకొండ పోయాడు.

స్టేషను వెనక రేకుల ఇంటి ముందు ఒక ముసలామె చింతపండు పిక్కలు తీస్తోంది.

"రాజరత్నం గారి ఇల్లు ఇదేనా, పెద్దమ్మా?"

"ఇదే. నేను సుశీలమ్మను, ఆయన భార్యను. ఆయన పోయి పది దినాలాయె."

ఏసురత్నం మెట్టు మీదే చతికిలబడ్డాడు. జరిగిందంతా చెప్పి ఏడ్చాడు.

"ఆ రోజు నేనే ఎల్లగొట్టినా, పెద్దమ్మా."

"నువ్వొక్కడివే కాదులే. ఎక్కడ బిడ్డ పోయిందని తెలిసినా, మూడో నాటికి ఆడికి పోయేటోడు. కొట్టి పంపినోళ్ళు గూడా ఉండారు."

"ఊరు గాని ఊరికి, ఎవరి బిడ్డలకోసమో... ఆయనకెందుకంత తపన?"

సుశీలమ్మ చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకొని చెప్పులు వేసుకుంది.

"పద నాయనా, ఆ పిల్లతో నేను మాట్లాడతా. మా పాప పోయిన మూడో నాడు ఆ వాక్యమే చదివి, నన్ను లేపి నిలబెట్టి ఒప్పించిన పాస్టరు మా ఆయనే."