అసలైన బుడ్డమిరప

చేయాల్సిన పనులు దీప నోట్‌బుక్‌లో ఇలా ఉన్నాయి.

పదకొండు మంది ఆధార్ జిరాక్సులు. సంఘానికో పేరు, ఒక రబ్బరు స్టాంపు. ఉమ్మడి బ్యాంకు ఖాతా. కలిసి పనిచేస్తున్నట్టు ఫొటో, అందులో అందరూ నవ్వుతూ ఉండాలి. తహసీల్దారు సంతకం. వ్యవసాయాధికారి సంతకం. ఆ రెండు సంతకాలూ నిజమైనవేనని ఇంకొకరి సంతకం. చివరగా, విత్తనం అసలైనదేనని పరిశోధన కేంద్రం ఇచ్చే ధ్రువపత్రం.

దాని కింద అమ్మమ్మ సమ్మమ్మ ఇంకొకటి రాయించింది. శుక్రవారం నాడు విత్తనం గడప దాటకూడదు.

"ఇది గూడ రూలేనా అమ్మమ్మా?"

"వాళ్ల రూళ్లు నిన్న మొన్నటియి. ఇది మా అత్త చెప్పింది. రాయి బిడ్డా."

ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి దీప. ఎవరేం చెప్పినా రాసుకోవడం అలవాటు. రాసింది.

అరుదైన పంటలను కలిసి పండించే సంఘాలకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తానంది. సమ్మమ్మ వాళ్ల పంట బుడ్డమిరప. గుండ్రటి కాయ, నెత్తురు రంగు. పచ్చళ్లకు ఎరుపునిస్తుంది గానీ కారం నామమాత్రం. కూరల్లోకి కారం వాళ్లు కూడా కొట్టులో కొనుక్కోవాల్సిందే. ఆ చుట్టుపక్కల ఈ విత్తనం మిగిలింది సమ్మమ్మ కుండలోనే. అందులోంచే మిగతా పదిమందికీ పంచింది. గ్రాంటు వస్తే కాయలు ఆరబోసుకోవడానికి సిమెంటు కళ్లం కట్టుకుంటారు. రాకపోతే వచ్చే ఏడు పత్తి వేస్తామని పదిమందీ ముందే చెప్పేశారు.

మిగతా పనులన్నీ నాలుగు నెలల్లో అయ్యాయి. గడువుకు రెండు రోజుల ముందు, శుక్రవారం కాకుండా చూసుకుని, అమ్మమ్మా మనుమరాలూ కాయల మూటతో హనుమకొండ బస్సెక్కారు.

పరిశోధన కేంద్రంలో డాక్టర్ రమాకాంత్ మూట విప్పి ఒక కాయ చూశాడు. గోడ మీది మిరపకాయ ఫొటో చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఇది బుడ్డమిరప కాదమ్మా."

"గదేంది సారూ! మరి మేం గిన్నేండ్లు పండించింది ఏంది?"

"అది నాకెలా తెలుస్తుంది? అసలైన బుడ్డమిరప సన్నగా, వేలంత పొడుగుంటుంది. కొరికితే కళ్లలో నీళ్లు తిరగాలి."

"సన్నగుంటే బుడ్డమిరప అని ఎట్లంటరు సార్?" దీప అడిగింది.

"పేర్లు జనం పెడతారమ్మా. ప్రమాణాలు మేం పెడతాం."

అద్దాల బీరువాలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు. ప్రామాణిక విత్తనం. పన్నెండేళ్ల కిందట ఊరూరా తిరిగి ఆయనే సేకరించాడు. దాని మీదే డాక్టరేటు వచ్చింది. తర్వాత రెండు అవార్డులు, ఒక ప్రమోషను.

"ఒక పెద్దావిడ స్వయంగా నా చేతుల్లో పోసింది. ఎంత ప్రేమగా ఇచ్చిందో!"

"ఏ ఊరామె సారూ?" సమ్మమ్మ అడిగింది.

"అవన్నీ గుర్తుంటాయా?"

సమ్మమ్మ సీసా వైపూ ఆయన మొహం వైపూ మార్చి మార్చి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

ఏడుస్తోందనుకుని రమాకాంత్ మెత్తబడ్డాడు. "బాధపడకమ్మా. మా ప్యాకెట్లు కొని వేయండి. అప్పుడు మీదీ అసలైనదే అవుతుంది. వచ్చే ఏడు గ్రాంటు మీకే."

దరఖాస్తు మీద ఎర్ర సిరాతో రాశాడు: "విత్తనం నకిలీ."

తిరుగు బస్సులో దీప కళ్లు తుడుచుకుంది. "నాలుగు నెలలు తిరిగినం. అంతా ఆగమైంది. పదిమందీ ఇగ పత్తికే పోతరు. నీకు నవ్వెట్లొస్తాంది అమ్మమ్మా?"

"ఏం జేస్తం బిడ్డా. కొందరు వారం చూసుకోకుండ వస్తరు."

కాబట్టి ఇకమీదట ప్రభుత్వ ముద్ర ఉన్న అసలైన బుడ్డమిరప తిన్నప్పుడల్లా, దయచేసి వరంగల్ కిరాణా వ్యాపారి ఓంప్రకాశ్ సేటును ఒక్కసారి తలుచుకోండి. పన్నెండేళ్ల కిందట ఒక శుక్రవారం విత్తనమడిగి వాకిట్లో నిలబడ్డ రమాకాంత్‌ను ఉత్త చేతులతో పంపలేక సమ్మమ్మ ఆయన దోసిట్లో పోసింది, ఆ సేటు కొట్టులో కూరకని కొన్న ఎండుమిరపకాయల గింజలే.