అనుమతి లేని స్క్రిప్టు

"లింకు తెరిచారా లేదా?" అంది కామాక్షి, మంచం మీద లేచి కూర్చోడానికి గోడను పట్టుకుంటూ.

"తెరిచాను. పేజీ తెల్లగా ఉంది," అన్నారు జగన్మోహనరావు, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

ఆసుపత్రి నుంచి ఫోను వచ్చి ఎంతోసేపు కాలేదు. కామాక్షికి సరిపోయే కిడ్నీ దొరికిందని ఒకమ్మాయి గబగబా చెప్పింది. లింకు పంపుతున్నామనీ, ఒప్పుకుంటున్నట్టు అందులో బటన్ నొక్కి వెంటనే బయల్దేరాలనీ, ఆలస్యమైతే వరుసలో తర్వాతివాళ్లకు వెళ్లిపోతుందనీ చెప్పి పెట్టేసింది. నోటిమాట చెల్లదట. డయాలిసిస్‌తో చిక్కి సగమైన కామాక్షి ఆ కబురు విని చాలా రోజుల తర్వాత నవ్వింది.

పేజీ తెల్లగా ఉండటానికి కారణం రావుగారే. వెబ్ పేజీ వెనకాల నడిచే చిన్న చిన్న ప్రోగ్రాములను స్క్రిప్టులంటారు. ఆయన బ్రౌజరులో ఏ సైటు స్క్రిప్టు కదలాలన్నా ముందు ఆయన అనుమతి కావాలి. కాపలా అలా బిగించుకున్నారు. కామాక్షి ఫోనుకూ అదే కాపలా. శంషాబాద్‌లో వాళ్ల కాలనీవాళ్లు ఎవరు ఆన్‌లైన్‌లో మోసపోయినా, "నన్నొక్క మాట అడిగితేగా!" అనడం ఆయనకు అలవాటు. అనడంలో కాస్త సంతోషం కూడా ఉండేది.

"అన్నిటికీ ఒకేసారి అనుమతి ఇచ్చెయ్యండి," అంది కామాక్షి.

"అందరికీ తలుపులు తీసేస్తే ఇంకా కాపలా ఎందుకు? ఆసుపత్రి పేరున్నదానికి మాత్రం ఇస్తాను."

ఇచ్చారు. పేజీలో ఆసుపత్రి బొమ్మ వచ్చింది. దాని వెనకే అనుమతి కోసం ఇంకో మూడు స్క్రిప్టుల పేర్లు వచ్చి నిలబడ్డాయి. పెళ్లికి ఒకర్ని పిలిస్తే ఇంటిల్లిపాదీ దిగినట్టు! మొదటి పేరు గురించి వేరే చోట వెతికి, చదివి, సరేనన్నారు. కామాక్షి వివరాలు కనిపించాయి. రెండోదాని గురించీ అలాగే వెతికి, చదివి, సరేనన్నారు. బటన్ వచ్చింది. నొక్కారు. అది పలకలేదు.

ఇంటి మీదుగా విమానం దిగుతుంటే, ఆ మోతలోనే రావుగారు ఆసుపత్రికి ఫోను చేశారు. లైను బిజీ.

"ఏంది సార్, ఇంక గిట్లనే కూసున్నరు?" అంటూ పైఅంతస్తులో ఉండే ఇంటి ఓనరు సరిత లోపలికి వచ్చింది. "కారు బయటికి తీసి పెట్టిన. అక్కను ఎక్కియ్యనా?"

"ఒప్పుకోలు వెళ్లాకే కదమ్మా బయల్దేరాలి. ఈ బటన్ పనిచెయ్యడం లేదు."

"అయితే దవాఖానకు ఫోన్ చెయ్యుండ్రి."

"చేస్తూనే ఉన్నాను. ఎప్పుడూ బిజీయే."

"గట్లయితే ఆ లింకు నా ఫోనుకు కొట్టుండ్రి. జరసేపట్ల అయితది."

రావుగారు ఆవిడ చేతిలో ఉన్న ఫోను వంక చూశారు. "దాంట్లో ఏమేం చెత్త నడుస్తోందో ఎవరికి తెలుసు తల్లీ? ఈవిడ వివరాలన్నీ ఎవరెవరి చేతుల్లోనో పడతాయి."

"పడితే పడనియ్యుండ్రి సార్! పానం కన్నా ఎక్కువనా?"

రావుగారికి చిర్రెత్తుకొచ్చింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? పది నిమిషాలు ఆలస్యమైతే కొంపలేం మునగవు," అని కసిరారు. నిజానికి అది కోపం కాదు, భయం. భార్య ఒంట్లో ఏదీ ఆయన మాట వినడం మానేసింది. చెప్పినట్టు వినేది ఈ బ్రౌజరు ఒక్కటే.

సరిత కామాక్షి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

మిగిలింది ఒక్క పేరు. పేరంటే పేరు కూడా కాదు, అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి తోక. రావుగారు ఎంత వెతికినా దాని అజా పజా దొరకలేదు. "ఇదేం చేస్తుందో ఎక్కడా రాయలేదు. ఇలాంటివాటితోనే కొల్లగొట్టేది. ఇది లేకుండానే బటన్ పనిచేస్తుందేమో చూస్తాను," అని పేజీని మళ్లీ తెరిచారు. మళ్లీ నొక్కారు. మళ్లీ అంతే.

"ఏవండీ," అంది కామాక్షి. గొంతులో నిష్ఠూరం లేదు. "ఈ ఒక్కసారికీ ఆ దొంగను లోపలికి రానివ్వండి. నాకు బతకాలని ఉంది."

కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆవిడ తన కోసం ఏదీ అంత గట్టిగా అడగలేదు. రావుగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, 'అనుమతించు' అన్న చోట నొక్కారు.

"లే అక్కా, ఇగ పోదాం," అంటూ సరిత ఆవిడ కాళ్లకు చెప్పులు తొడిగింది.

ఆ చివరి స్క్రిప్టు కదిలింది. అది నడవక ఇంతసేపూ కనిపించకుండా పోయిన, ఒప్పుకోడానికి ఇంకెంత గడువుందో చూపే గడియారం బటన్ పక్కన ఎర్రగా వెలిగింది. అందులో అన్నీ సున్నాలే.