ఖాళీ వాకిలి

బిచ్యాకు వాకిలే లోకం. మోకాళ్ళు అరిగిన మనిషి. పొద్దున్నే నులకమంచం వాల్చుకున్నాడంటే చీకటి పడేదాకా లేవడు. అలాంటి ముసలాయన ఖమ్మం వెళ్ళొచ్చిన మర్నాటి నుంచి ఇంట్లో నిలవడం మానేశాడు.

ఖమ్మం తీసుకెళ్ళింది కోడలు రుక్మిణిని. ఆమెకు కళ్ళు ఎర్రబడి, వెలుతురు పడితే సూదులు గుచ్చినట్టుండేది. భర్త జైరాం లారీ మీద ఎక్కడో ఉన్నాడు. కంటి డాక్టరు పరీక్షలన్నీ చేయించి ఇద్దరికీ చెప్పాడు.

"ఒంట్లో ఉన్న రక్షణే దారితప్పి కంటిమీద దాడి చేస్తోందమ్మా. చుక్కల మందు మానితే చూపు పోవచ్చు. డి విటమిన్ కూడా అడుగంటింది. మాత్రలు వేసుకో. నల్లద్దాలు పెట్టుకుని రోజూ మొహానికి, చేతులకు కాస్త ఎండ తగలనీ."

అంతే! మర్నాడు గంజి తాగి, కర్ర పట్టుకుని బిచ్యా కుంటుకుంటూ అడవి అంచుకు పోయాడు. పొద్దు వాలాకే తిరిగొచ్చాడు. ఇక రోజూ అదే వరస.

పక్కింటి గంగక్క ఊరుకుంటుందా?

"నీ కండ్ల జబ్బు అంటుకుంటదని భయమేమోనే. ముసలోనికి పానమంటే ఎంత తీపో!"

రుక్మిణి గుండె కలుక్కుమంది. ఆయనుంటే దగ్గో, గొణుగుడో, ఇంట్లో మనిషి అలికిడి ఉండేది. ఇప్పుడు ఇంత వాకిట్లో నల్లద్దాలు పెట్టుకుని తనొక్కతే. ఏడుద్దామన్నా చుక్కల మందు కారిపోతుందని భయం.

రెండోసారి గంగక్కను వెంటేసుకుని ఖమ్మం పోయింది. "వాపు తగ్గింది. ఇట్లాగే వాడితే చూపుకు ఢోకా లేదు" అన్నాడు డాక్టరు. సంబరంగా ఇంటికొస్తే ఆ మాట చెప్పుకోవడానికి ఎవరున్నారు? మంచం గోడకు ఆనించి ఉంది. ఛీ, ఇదేం బతుకు! తెల్లారగానే తల్లిగారింటికి పోదామని బట్టలు సంచిలో కుక్కింది.

బిచ్యా వచ్చి ఆ సంచి చూసి నిలబడిపోయాడు. మామాకోడళ్ళు నేరుగా మాట్లాడుకునే పద్ధతి ఆ తండాలో లేదు. రుక్మిణి కొంగు మొహం మీదికి లాక్కుని, తలుపు చాటు నుంచి వాకిట్లో ఉన్న గంగక్కకు చెప్పింది.

"నేనంటే గంత రోతైతే చెప్పమను అక్కా. పోతా."

గంగక్క నడుం మీద చేతులు వేసుకుంది. "విన్నవా కాకా? ఈ పిల్ల మొహం చూడలేకనేనా, అడవిల కూసుంటున్నవ్?"

ముసలాయన తల వంచుకున్నాడు.

"నేనీడ ఉంటే మొహం మీది కొంగు తియ్యదు గద బిడ్డా, ఎండెట్ల తగుల్తది?"