బండికి అడ్డం పడ్డవాడు

"మేడమ్, తాడు దాటకండి. పరేడ్ బండి మలుపు తిరుగుతోంది," అన్నాడు పక్కన నిలబడ్డ మనిషి, తెలుగులో.

అరుంధతి ఎగాదిగా చూసింది. నలభై ఏళ్లుంటాయి. ఎండకు కమిలిన మొహం, జేబు మీద షిప్‌యార్డు పేరు కుట్టిన నీలం టీషర్టు. ఆదివారం సెలవని థీమ్ పార్కు చూడ్డానికొచ్చినట్టున్నాడు.

"నువ్విక్కడ స్టాఫా?"

"కాదండి."

"మరింకేం? నీ పని నువ్వు చూసుకో."

తాళ్లూ గీతలూ ఊళ్లో అందరికీ గాని తనక్కాదని అరుంధతికి గట్టి నమ్మకం. వన్-నార్త్‌లో ఒక ఆఫీసులో ఇరవైమందిని పరుగులు పెట్టించే టీమ్ లీడ్ ఆవిడ. పన్నెండింటికే వచ్చి, ఇక్కడి అలవాటు ప్రకారం టిష్యూ ప్యాకెట్ పెట్టి ముందు వరసలో చోటు చోప్ చేసి అట్టేపెట్టుకుంది. మొగుడు శ్రీనాథ్ ఆదివారం కూడా ఏదో సాఫ్ట్‌వేర్ రిలీజుందని ఆఫీసుకి పోతే, ఆరేళ్ల వర్షితకి కొత్త తెల్ల గౌను తొడిగి తనే తీసుకొచ్చింది. పరేడ్‌ని ఎదురుగా నిలబడి ఐప్యాడ్‌లో పట్టాలని ఆవిడ పంతం.

కాళ్లు నొప్పెట్టి వర్షిత నేల మీద చతికిలబడబోయింది.

"కూర్చోకు! గౌను మీద ఒక్క మరక పడిందా, ఇంటికెళ్లాక వీపు విమానం మోత మోగిస్తా!"

"పిల్ల కదమ్మా," అన్నాడు నీలం టీషర్టు.

అరుంధతి అటు తిరక్కుండా ఐప్యాడ్ కవరు తీసింది.

ఇంతలో పెద్ద బండి రానే వచ్చింది. రెండంతస్తుల ఓడలా ఉంది. చక్రాలు కనపడకుండా చుట్టూ నీలి గుడ్డ కుచ్చిళ్లు. పైనుంచి వేషగాళ్లు బంగారు కాగితం నక్షత్రాలు గుప్పిళ్లతో విసురుతుంటే, కొన్ని కుచ్చిళ్ల పక్కనే రాలుతున్నాయి. జనం తలలన్నీ పైకే. అరుంధతి తాడు దాటింది. స్టాఫ్ కుర్రది విజిల్ ఊదితే వెనక్కి చూడకుండానే ఒక్క నిమిషం అని వేలు చూపించి, నాలుగడుగులు ముందుకేసి ఐప్యాడ్ ఎత్తింది.

తెరలోకి ఉన్నట్టుండి నీలం టీషర్టు దూరింది. ఆ మనిషి ఒక్క గెంతులో తాడు దాటి, బండికి అడ్డంగా నిలబడి, రెండు చేతులూ తల మీద కత్తెరలా పెట్టాడు.

బండి కీచుమంటూ ఆగింది. పైన నాట్యమాడే అమ్మాయి తూలి కమ్మీ పట్టుకుంది. పాట ఆగిపోయింది. తప్పుకో తప్పుకో అని జనం అరుస్తున్నా అతను కదిలితే ఒట్టు. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు అలాగే ఉండి, తనంతట తనే చేతులు దించాడు. అప్పటికే ఇద్దరు సెక్యూరిటీవాళ్లు వచ్చి రెక్కలు పట్టుకున్నారు.

అరుంధతికి ఒళ్లు మండిపోయింది. గంటల తరబడి కాచుకున్న వీడియో గంగలో కలిసింది. తాడు దగ్గరికొచ్చి చూస్తే వర్షిత మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని బిగుసుకుపోయి ఉంది.

"తాగుబోతు వెధవ! పిల్లని హడలగొట్టేశాడు," అంది అరుంధతి.

అతన్ని సెక్యూరిటీ గదిలోకి తీసుకెళ్లారు. అతని ఇంగ్లీషు యార్డు గేటు దాటి బయటికి రాలేదు. తెలుగు ఎవరికొచ్చని సెక్యూరిటీ ఆఫీసర్ అడిగితే అరుంధతి ముందుకొచ్చింది.

"నీ పేరు?"

"ఏడుకొండలు."

"బండెందుకు ఆపావు?"

"ఆగాలి కాబట్టి ఆపాను. యార్డులో క్రేన్‌కి సిగ్నల్ ఇచ్చేవాణ్ణమ్మా. ఆపమని ఎవరు చెయ్యి చూపినా అక్కడ క్రేన్ ఆగాల్సిందే. కారణం తరవాత అడుగుతారు."

"అదే అడుగుతున్నారు. ఏమిటా కారణం?"

ఏడుకొండలు వర్షిత వైపు చూశాడు. వర్షిత గబుక్కున తల్లి వెనక నక్కింది.

"చూడు, పిల్లెలా బెదిరిపోయిందో!"

"కారణం చెప్పను," అన్నాడు ఏడుకొండలు.

"తాగావా?"

"వాసన చూసుకోమనండి."

"చెప్పకపోతే మీ కంపెనీకి రాస్తారట. పర్మిట్ పోతుంది. ఊరికి విమానం ఎక్కిస్తారు."

"ఎక్కిస్తే ఎక్కుతా. నా నోటి మూలాన ఇంకొకరికి దెబ్బలు పడకూడదు."

"ఓహో, వెనకాల జట్టు కూడా ఉందన్నమాట! మళ్లీ ఇలా చెయ్యనని రాసిస్తే వదిలేస్తారట. రాస్తావా?"

"రాయను. మళ్లీ అలాంటిది కనపడితే మళ్లీ నిలబడతా. మార్చకుండా చెప్పండి." గుమ్మం దగ్గర ఆగి అన్నాడు, "మీరు మాత్రం ఇంకోసారి తాడు దాటకండమ్మా."

ఎంత పొగరు! అరుంధతి కాగితం అడిగి తీసుకుని, చూసిందంతా మంచి ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టింది. టీషర్టు మీది కంపెనీ పేరు కూడా గుర్తు పెట్టుకుంది.

ఇంటికి, పాసిర్ రిస్ వెళ్లే ట్రైన్లో వర్షిత వీపు సీటుకి అతికించి కూర్చుంది.

"మమ్మీ, ఆ అంకుల్‌ని పంపించేస్తారా?"

"పంపించాలి. ఇలాంటివాళ్ల వల్లే ఈ దేశంలో మనందరికీ చెడ్డపేరు."

"హి ఈజ్ నాట్ బ్యాడ్ లా, మమ్మీ."

"నీకు తెలీదు. ఊరుకో."

ఫ్లాట్‌కి రాగానే అరుంధతి చెప్పులైనా సర్దకుండా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. 'బాధ్యత తెలిసిన ఒక తల్లిగా రాస్తున్నాను' అని మొదలుపెట్టి, ఏడుకొండలు పేరు రెండుసార్లు రాసి, అతని కంపెనీకి మెయిలు పంపేసింది. మనసు కాస్త శాంతించింది. పిల్లకి నీళ్లు పోద్దామని లేచింది.

వర్షిత బాత్రూమ్ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. గుప్పిట్లో నలిగిపోయిన బంగారు కాగితం నక్షత్రం.

"తిరుగు, గౌను విప్పుతాను."

వర్షిత కదల్లేదు. "డోంట్ బీట్, మమ్మీ."

"ఏం చేశావే? ఐస్‌క్రీమ్ ఒలకబోసుకున్నావా?"

అరుంధతి భుజం పట్టుకుని ఇటు తిప్పింది.

తెల్ల గౌను వెనక అంచు మీద జానెడు వెడల్పున నల్లటి టైరు అచ్చు.